సింహం చెత్తడబ్బా బయటపెడుతుందా?

ఇంట్లో మగవాడు పని చెయ్యకపోవడం సోమరితనం కాదు, శాస్త్రం. ఈ మాట మీకు మింగుడు పడకపోతే అది మీ చదువులోని లోపం. షెఫీల్డ్‌లో ఉంటున్న డాక్టర్ రామకృష్ణారావుగారికి కూడా యాభై దాటేదాకా మింగుడు పడలేదు. పడ్డాక మాత్రం ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. అసలు సోఫా మీంచి లేస్తే కదా, తిరిగి చూడటానికి!

రామకృష్ణారావుగారిది కాకినాడ. షెఫీల్డ్‌లో ఒక పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరు. ఆపరేషన్ బల్ల మీదికి ఎవరొచ్చినా హాయిగా నిద్రపుచ్చి, మళ్ళీ క్షేమంగా లేపడం ఆయన వృత్తి. ఊరందరినీ నిద్రపుచ్చే మనిషి ఇంటికొచ్చి తానో కునుకు తీస్తే తప్పేముంది? కానీ పాపం, ఆ కునుకు మీద ఆయన మనసులో ఎప్పుడూ ఒక చిన్న ముల్లు ఉండేది. సోఫా మీద నడుం వాల్చినప్పుడల్లా వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త గట్టిగా వినపడేది.

వంటింట్లో ఉండేది ఆయన భార్య పద్మిని. ఆవిడా డాక్టరే. అక్కడివాళ్ళు సర్జరీ అని పిలిచే ఒక క్లినిక్కులో జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు. పొద్దున్నే వెళ్ళి ఊళ్ళోవాళ్ళ దగ్గులూ, మోకాళ్ళ నొప్పులూ, దిగుళ్ళూ అన్నీ విని, సాయంత్రం ఇంటికొచ్చి కోటు విప్పకుండానే బియ్యం కడిగేది. ఆ గిన్నెలు ఆవిడ కావాలని చప్పుడు చేస్తోందా, లేక గిన్నెల స్వభావమే అంతా అన్నది ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన తేల్చుకోలేకపోయారు.

ఆ ముల్లు ఊడింది కెన్యాలో.

పోయిన ఆగస్టులో పిల్లలిద్దరినీ తీసుకుని అడవి చూడటానికి వెళ్ళారు. పెద్దవాడు వినీత్‌కి పదిహేడు. చిన్నది మీరాకి పద్నాలుగు. ఇద్దరికీ తెలుగు అర్థమవుతుంది. మాట మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. జీపు ఒక పొద దగ్గర ఆగింది. పొద నీడన మగసింహం ఒకటి వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్ళూ గాల్లోకి వదిలేసి, పొట్ట మీద ఈగలు వాలుతున్నా పట్టించుకోకుండా నిద్రపోతోంది. అది రోజుకి పద్దెనిమిది, ఒక్కోసారి ఇరవై గంటలు అలాగే పడుకుంటుందని గైడు చెప్పాడు. వేట చాలావరకు ఆడసింహాలే చేస్తాయిట. చేశాక ముందు తినేది మాత్రం మగసింహమేట.

చెప్పడమే కాదు, చూపించాడు కూడా. ఆడసింహాలు గడ్డిలో పొట్ట నేలకి ఆనించి పాక్కుంటూ వెళ్ళి, ఒక జీబ్రాని చుట్టుముట్టి, దుమ్ములో దొర్లి దొర్లి పడగొట్టాయి. అప్పుడు లేచింది మగసింహం. ఒళ్ళు విరుచుకుంది. పెళ్ళిభోజనానికి పిలిస్తే వచ్చిన పెద్దమనిషిలా నిదానంగా నడిచొచ్చి ఒక్కసారి గుర్రుమంది. ఆడసింహాలు పక్కకి జరిగాయి. అది తినడం మొదలుపెట్టింది.

రామకృష్ణారావుగారి కళ్ళు చెమర్చాయి.

"చూశావా పద్మినీ?" అన్నారు.

"చూశానండీ. ఆ చివర ఉన్నది కుంటుతోంది. జీబ్రా తన్నినట్టుంది," అంది పద్మిని.

ఆ కుంటుతున్నదాన్ని ఆయన చూడలేదు. ఆయన చూపంతా జూలు మీదే ఉంది.

గైడు ఆ తర్వాత కూడా చాలాసేపు చెప్పాడు. కానీ మిట్టమధ్యాహ్నపు ఎండ, కడుపులో లాడ్జి వాళ్ళ బిర్యానీలాంటిదేదో. రామకృష్ణారావుగారు జీపు సీట్లోనే తల వెనక్కి వాల్చేశారు. నేర్చుకున్న పాఠాన్ని అక్కడికక్కడే ఆచరణలో పెట్టేవాళ్ళు లోకంలో ఎంతమంది ఉంటారు చెప్పండి?

షెఫీల్డ్ తిరిగొచ్చాక ఇంట్లో కొత్త శకం మొదలైంది.

ఆ ఇంట్లో రామకృష్ణారావుగారి వంతుకి ఒకే ఒక పని ఉండేది. చెత్త ఎత్తే కౌన్సిల్ బండి వచ్చే ముందు సాయంత్రం, ఆ వారం నల్ల బిన్నో నీలం బిన్నో చూసుకుని వీధిలో పెట్టడం. రెండుసార్లు గుర్తుచేస్తే ఒకసారి పెట్టేవారు. కెన్యా నుంచి వచ్చిన వారంలోనే ఆ ఒక్కటీ వదిలించుకున్నారు.

"ఏవండీ, రేపు నల్ల బిన్ను. బయట పెట్టారా?" అని అడిగింది పద్మిని.

"నేనొకటడుగుతాను చెప్పు. సింహం చెత్తడబ్బా బయటపెట్టగా నువ్వెప్పుడైనా చూశావా?"

"చెత్త నింపగా కూడా చూడలేదండీ," అంటూ ఆవిడే చెప్పులేసుకుని వానలోకి వెళ్ళింది.

ఆయనకి ఆ జవాబులో ఎత్తిపొడుపు వినిపించలేదు. ఒప్పుకోలు వినిపించింది. విశాల హృదయం ఉన్నవాళ్ళకి అలాగే వినిపిస్తుంది.

పిల్లలకి కూడా బోధించారు. మీరా మొదట్లో ఎదురు చెప్పింది. "డాడ్, లయన్స్ స్లీప్ బికాజ్ ఇట్స్ హాట్. ఇట్స్ నైన్ డిగ్రీస్ హియర్."

"ముఖ్యం సూత్రమమ్మా, ఉష్ణోగ్రత కాదు," అన్నారాయన దుప్పటి మెడదాకా లాక్కుంటూ.

ఇక తిండి. ఇదివరకు నలుగురూ కలిసి కూర్చునేవారు. ఇప్పుడు ముందు ఆయన కూర్చుంటారు. గుత్తివంకాయ చేసిన రోజున కాయలన్నీ ఆయన కంచంలోకి చేరితే, మిగతా ముగ్గురికీ కాడలూ గుజ్జూ మిగిలేవి. తిన్న కంచం తిన్నచోటే ఉండేది. సింహం తిన్నాక ఎముకలు సర్దిపెట్టి వెళ్తుందా?

గొప్ప సత్యం ఒక ఇంటికే పరిమితమైతే లోకానికి నష్టం కదా. ఒక ఆదివారం వెంకటాచలం అంకుల్ ఇంట్లో భోజనాలకి పిలిచారు. వెంకటాచలంగారు రిటైరైన ఎముకల డాక్టరు, ఊళ్ళో తెలుగు సంఘానికి అధ్యక్షుడు. మగవాళ్ళందరూ అద్దాల గదిలో చేరగిలబడ్డాక రామకృష్ణారావుగారు తన సిద్ధాంతాన్ని వివరించారు. శక్తిని పొదుపు చెయ్యడం, కండరాలకి విశ్రాంతి, ఆధిపత్యం, అరుగుదల. మధ్యమధ్య తన ఫోన్లో సింహం ఫొటో చూపించారు. అందరూ ఆ వెల్లకిలా పడుకున్న జీవాన్ని దైవదర్శనం చేసుకున్నట్టు చూశారు.

"ముప్పయ్యేళ్ళుగా నేనూ ఇదే చేస్తున్నానయ్యా," అన్నారు వెంకటాచలంగారు ఆశ్చర్యంగా. "కానీ దీని వెనక ఇంత సైన్సుందని నాకు తెలీదు సుమా."

ఆయన భార్య బేబీ ఆంటీ పకోడీల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. "సింహాలకి ఇంకో విడత కావాలా?" అని అడిగింది.

కావాలని అందరూ ఒకే గొంతుతో గర్జించారు.

ఇలా సుఖంగా సాగుతుండగా సెప్టెంబరు చివర్లో పద్మిని ఒక కబురు తెచ్చింది. సర్జరీలో పెద్ద డాక్టరొకాయన తప్పుకుంటున్నాడు. ఆయన స్థానంలో పార్టనరుగా రమ్మని ఆవిడని అడిగారు. మీరా చిన్నపిల్లగా ఉన్నప్పుడొకసారి అడిగితే ఇల్లు చూసుకోవాలని వద్దంది. ఈసారి కూడా వద్దంటే మళ్ళీ అడగరని ఆవిడకి తెలుసు.

"వారానికి రెండు సాయంత్రాలు మీటింగులుంటాయిట. ఇంటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది," అంది, సోఫా చివర ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని.

రామకృష్ణారావుగారు కళ్ళు మూసుకునే ఆలోచించారు. "మంచిదే. వేట పెరుగుతుంది. మరి నువ్వు ఎనిమిదింటికొస్తే అన్నం తొమ్మిదవుతుందే?"



"మీకు కన్సల్టెంట్ ఉద్యోగం వచ్చినప్పుడు నేను నా ట్రైనింగు సగంలో ఆపుకుని లీడ్స్ నుంచి ఇక్కడికొచ్చాను. అన్నం ఎన్నింటికవుతుందని అప్పుడు నేనడగలేదండీ," అంది పద్మిని.

జవాబుగా సన్నటి గురక వినిపించింది. నిజం గురకో దొంగ గురకో ఎవరూ చెప్పలేరు. మత్తు డాక్టర్లకి రెండూ వచ్చు.

ఆ శనివారం పద్మిని సూపర్‌మార్కెట్‌కి వెళ్ళింది. సంచులన్నీ కారు వెనకాల సర్ది, స్టీరింగ్ ముందు కూర్చుని హీటరు వేసింది. చేతులు వెచ్చబడేదాకా ఆగుదామనుకుంది. అంతే గుర్తు. అద్దం మీద ఎవరో టకటకా కొడితే కళ్ళు తెరిచింది. ట్రాలీలు తోసే పెద్దావిడ, పసుప్పచ్చ కోటులో, వంగి లోపలికి చూస్తోంది.

"యూ ఆల్‌రైట్, లవ్?"

పద్మిని అద్దం దించి తల ఊపింది. ఎంతసేపు పడుకుందో తెలీదు గానీ, వెనకాల ఫ్రోజెన్ బటానీల సంచి కరిగి నీళ్ళు కారుతున్నాయి. ఇంతసేపూ రాకపోతే ఇంట్లోవాళ్ళు కంగారుపడి ఉంటారని ఫోను తీసింది. ఒక మెసేజి ఉంది. భర్త పంపారు. ఒకే మాట. "లంచ్?"

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. పసుప్పచ్చ కోటావిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి భుజం తట్టి, పేపర్ నాప్కిన్ ఒకటి ఇచ్చి, ట్రాలీలు తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఎన్నాళ్ళ తర్వాతో ఎవరో తనని ఎలా ఉన్నావని అడిగారని పద్మినికి అనిపించింది. రోజూ పొద్దుణ్ణుంచీ ఊరందరినీ ఆ ప్రశ్న అడిగేది తనే కదా.

ఇంటికొచ్చింది. సంచులు కార్లోనే వదిలేసింది. కోటు విప్పకుండా, హాల్లో ఖాళీగా ఉన్న రెండో సోఫా మీద పడుకుంది.

మొదటి సోఫా మీంచి రామకృష్ణారావుగారు తల ఎత్తి చూశారు. "ఏంటి, ఒంట్లో బాగోలేదా?"

"బానే ఉందండీ. ఆడసింహాలు కూడా రోజుకి పదిహేను గంటల పైనే పడుకుంటాయిట. గైడు చెప్పాడు."

"నాతో చెప్పలేదే?"

"మీరప్పుడు గురక పెడుతున్నారు."

ఆయన లేచి కూర్చున్నారు. సింహాల విషయంలో తనకి తెలియనిది ఒకటుందంటే ఆయనకి మనసొప్పలేదు. "ఇంకా ఏం చెప్పాడు?"

"ఆ నేలంతా ఆడసింహాలదేట. తల్లులూ, కూతుళ్ళూ, అక్కచెల్లెళ్ళూ. మగసింహం ఎక్కణ్ణుంచో వస్తుంది, రెండు మూడేళ్ళుంటుంది, అంతకన్నా బలమైంది వచ్చి తరిమితే పోతుంది. ఉన్నన్నాళ్ళూ రాత్రుళ్ళు సరిహద్దంతా తిరిగి కాపలా కాస్తుందిట. పిల్లల జోలికెవరొచ్చినా ప్రాణాలకి తెగించి పోట్లాడుతుందిట. అందుకే పగలు పడుకుంటుందిట."

"మరి వేట?"

"చాలాసార్లు వెళితే ఒకసారి దొరుకుతుందిట. దొరకని రోజున అందరూ పస్తే. మూడు నాలుగు రోజులు కూడా ఉంటాయిట. ఎవరూ ఏమీ అనుకోరుట," అని పద్మిని కళ్ళు మూసుకుంది.

ఇది సమ్మె అని మీరనుకుంటే పొరపాటు. అలక కూడా కాదు. ఆవిడ మామూలుగానే మాట్లాడేది, మామూలుగానే సర్జరీకి వెళ్ళొచ్చేది. రాగానే పడుకునేది. భర్త సిద్ధాంతాన్ని ఆ ఇంట్లో పూర్తిగా నమ్మిన మొదటి మనిషి ఆవిడే.

పిల్లలు తట్టుకున్నారు. మీరాకి టోస్టుంది, వినీత్‌కి పాస్తా వచ్చు. రామకృష్ణారావుగారు మాత్రం ఫ్రిజ్‌లో వేటకి బయల్దేరారు. మొదట నిన్నటి సాంబారు దొరికింది. తర్వాత మొన్నటి అన్నం. తర్వాత ఆవకాయ, పెరుగు. ఆ తర్వాత ఏ జంతువూ కనపడలేదు. వినీత్ తెప్పించుకున్న పిజ్జాలో చివరి ముక్క మీద చెయ్యివేస్తూ, అడవిలో సింహాలు హైనాల దగ్గర లాక్కుని తినడం కూడా మామూలేనని వివరించారు.

"ఆర్ యూ కాలింగ్ మీ ఎ హైనా?" అన్నాడు వినీత్.

తర్వాత హోటల్ నుంచి కట్టించుకొచ్చే టేకవే మొదలైంది. నారింజరంగు కూర, తందూరీ కోడికాళ్ళు, తియ్యటి నాన్. ఎముకలన్నీ బిన్నులోకి, బిన్ను నిండాక పక్కన సంచుల్లోకి చేరాయి. ఆ బిన్ను వీధిలోకి ఎవరు తీసుకెళ్ళాలన్న విషయంలో శాస్త్రం మౌనంగా ఉంది.

ఒక మధ్యాహ్నం ఆయన ఆసుపత్రి నుంచి వచ్చేసరికి సోఫా మీద వినీత్ వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీ మీద చిప్స్ పొట్లం. మెడిసిన్ సీటుకి ఇంటర్వ్యూలు దగ్గరపడుతున్నాయి. పుస్తకం కార్పెట్ మీద బోర్లా పడి ఉంది.

"ఏరా, చదువుకోవా?"

"ఐయామ్ కన్జర్వింగ్ ఎనర్జీ, డాడ్," అన్నాడు వాడు కళ్ళు తెరవకుండా.

రామకృష్ణారావుగారు చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. వాడి నోటి పక్కన చిప్స్ పొడి. ఒక మేజోడు ఊడి వేలాడుతోంది. సోఫా మీద పడుకున్న మనిషి నిలబడ్డవాళ్ళకి ఎలా కనిపిస్తాడో ఆయనకి అంతవరకూ తెలీదు. చూసే అవకాశం రాలేదు మరి. పడుకున్నవాడు ఎప్పుడూ తనే కదా.

మర్నాడు పొద్దున్నే పెరట్లో చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే నక్క. సంచులు చింపి, ఎముకలు పక్కింటి మార్గరెట్ లాన్ దాకా ఈడ్చి, విందు చేసుకుంటోంది. రామకృష్ణారావుగారి ఒంట్లో ఏదో కదిలింది. సరిహద్దు! పద్మిని చెప్పిన సరిహద్దు ఇదే కదా. డ్రెస్సింగ్ గౌను బిగించి, చెప్పులతోనే తడిగడ్డిలోకి దూకారు. రెండు చేతులూ పైకెత్తి గర్జించారు. ఆ గర్జన బయటికొచ్చేసరికి "హుష్" అయింది.

నక్క తల ఎత్తి ఆయన్ని పైనుంచి కిందదాకా ఒకసారి చూసింది. తర్వాత మళ్ళీ తినడంలో పడింది. తినడం పూర్తయ్యాక, మిగిలిన తందూరీ కాలొకటి నోట కరుచుకుని, తొందరేమీ లేకుండా కంచె కిందనుంచి వెళ్ళిపోయింది.

కంచె అవతల మార్గరెట్ టీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. డెబ్భై దాటిన మనిషి. అంతా చూసినట్టే ఉంది గానీ, చూసినట్టు పైకి తేలలేదు.

"గుడ్ మార్నింగ్, డాక్టర్. ఈజ్ పద్మిని అన్‌వెల్? ద బిన్స్ హావెన్ట్ బీన్ అవుట్. ఐ వాజ్ వరీడ్."

 పన్నెండేళ్ళుగా పక్కపక్క ఇళ్ళు. ఈ ఇంట్లో బిన్నులు బయటికి రాకపోతే మంచానపడింది పద్మినే అయ్యుంటుందని ఆవిడకి అనుమానం లేకుండా తెలుసు. ఆయనకేమైనా అయ్యుంటుందేమోనని ఆవిడకి తట్టను కూడా లేదు.

రామకృష్ణారావుగారు లోపలికి వెళ్ళి రబ్బరు తొడుగులు వేసుకొచ్చి, మార్గరెట్ లాన్ మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క ఎముకా ఏరారు. మోకాళ్ళు తడిసిపోయాయి. ఏరుతుంటే, కెన్యాలో కుంటుతున్న ఆ ఆడసింహాన్ని తను ఎందుకు చూడలేదా అని ఆలోచన వచ్చింది.

ఆ సాయంత్రం ఆయన బెల్‌ఫాస్ట్‌కి ఫోన్ చేశారు. అక్కడ పద్మిని అక్కగారు వరలక్ష్మి ఉంటుంది.

"వదినగారూ, టమాటా పప్పు ఎలా చేస్తారండీ?"

"పద్మినికేమైందండీ?" అంది వరలక్ష్మి.

పొద్దుణ్ణుంచీ ఈ ప్రశ్న రెండోసారి. "ఏం కాలేదండీ. బానే ఉంది. నేనే వండుదామని."

"మీరు వండుతారా?" గొంతు సర్దుకుని ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. కందిపప్పు కడగండి, టమాటాలు కొయ్యండి, పచ్చిమిర్చి నిలువుగా చీరండి, ఉప్పు తగినంత వెయ్యండి.

"తగినంత అంటే? తినేవాళ్ళ బరువుని బట్టి లెక్కా?"

"నాలిక్కి తెలుస్తుంది మరిదిగారూ."

"ఇన్నేళ్ళుగా నా నాలిక్కి తినడమే తెలుసు వదినగారూ."

ఆవిడ నవ్వింది. ఆయనా నవ్వారు గానీ, ఆ మాట అన్నాక కాస్త సిగ్గేసింది.

కుక్కరు పొయ్యి మీద పెట్టి, ఆపరేషన్ బల్ల పక్కన నిలబడ్డట్టే దాని పక్కన నిలబడ్డారు. విజిల్ వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడ్డారు. పోపులో ఆవాలు చిటపటలాడి కళ్ళద్దాల మీదికి ఎగిరాయి. ఎండుమిర్చి మాడి పొగ లేచింది. పొగ అలారం కూతలు పెట్టింది. మీరా పరుగెత్తుకొచ్చి తువ్వాలు విసురుతూ, దగ్గుతూ, "మమ్ డజ్ దిస్ ఎవ్రీ డే?" అంది. ఆ ప్రశ్న ఆయన మనసులో కూడా అప్పుడే మొదలైంది.

పద్మిని వచ్చేసరికి బల్ల మీద నాలుగు కంచాలున్నాయి. నలుగురూ కలిసి కూర్చున్నారు. పోపు మాడిన వాసన తప్ప పప్పు బాగానే ఉంది. పద్మిని ఒకసారి కలుపుకుంది, రెండోసారి వేసుకుంది.

"ఎలా ఉంది?" అని అడిగారాయన ఉండబట్టలేక.

"బానే ఉందండీ."

ఇంకేమైనా అంటుందని చూశారు. అనలేదు. ఆవిడ వంటకి ఇన్నేళ్ళలో తనిచ్చిన మెచ్చుకోలు కూడా సరిగ్గా ఇంతేనని, అది కూడా అడిగితేనేనని, మజ్జిగ దాకా వచ్చాక ఆయనకి గుర్తొచ్చింది.

"పార్టనరుగా వస్తానని సర్జరీలో చెప్పేశానండీ," అంది పద్మిని కంచం తీస్తూ.

"ఎప్పుడు?"

"మొన్న సోమవారం."

అంటే ఈ పప్పు కోసం ఆవిడ ఆగలేదన్నమాట. రామకృష్ణారావుగారు తల పంకించి, తన కంచం తానే సింకు దగ్గరికి తీసుకెళ్ళారు.

నిజం చెప్పుకోవాలి. మనిషి మారారు. మీటింగులున్న రెండు సాయంత్రాలూ ఆయనే వండేవారు. బిన్నులు వాటంతటవే నడిచి వెళ్తున్నాయా అన్నంత క్రమంగా వీధిలోకి వెళ్ళాయి. వినీత్ కూడా సోఫా వదిలి పుస్తకం పట్టాడు. ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథ మంచి కథ అయ్యుండేది.

కానీ ఆయన పప్పు ఫొటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

గ్రూపు దద్దరిల్లింది. దండాలు, పువ్వులు, చప్పట్లు. "పద్మిని ఎంత అదృష్టవంతురాలో" అని ఒకరు రాశారు. "ఇలాంటి భర్త దొరకాలంటే పెట్టి పుట్టాలి" అని ఇంకొకరు. పద్మిని ఇద్దరు రోగుల మధ్య దొరికిన ఖాళీలో అవన్నీ చదివింది. తన అదృష్టం ఇంత పెద్దదని ఆవిడకి అప్పుడే తెలిసింది.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం, ఒక స్కూలు హాల్లో సంఘం దీపావళి వేడుక జరిగింది. పిల్లల డాన్సులయ్యాక వెంకటాచలంగారు మైకు పట్టుకున్నారు. ఇంటిపనిలో భార్యకి చేదోడుగా నిలిచిన ఆదర్శ పురుషుడిని సత్కరించుకోవడం మన కర్తవ్యమన్నారు. జరీ అంచు శాలువా ఒకటి విప్పి రామకృష్ణారావుగారి భుజాల మీద కప్పారు. హాలంతా లేచి నిలబడింది.

రామకృష్ణారావుగారు మాట్లాడారు. మగసింహం వేటాడదన్నది పాత మాట అన్నారు. దట్టమైన పొదల్లో ఒంటరిగా మాటువేసి అది కూడా వేటాడుతుందని తాను ఈ మధ్యే చదివానన్నారు. ఆవాలు ఎగిరిన వైనం, పొగ అలారం మోగిన వైనం చెప్పి, చేతి మీద పడ్డ చురక కూడా చూపించారు. సంఘానికీ, ఆసుపత్రికీ, కెన్యా గైడుకీ, బెల్‌ఫాస్ట్ వదినగారికీ కృతజ్ఞతలు చెప్పారు. ఒకరి పేరు మర్చిపోయారు. పెద్ద సభల్లో ఒకరి పేరు మర్చిపోవడం సహజం.

ఆ ఒకరు మూడో వరసలో బేబీ ఆంటీ పక్కన కూర్చుని ఉంది.

"నలభై ఏళ్ళుగా పప్పు వండుతున్నానే పద్మినీ," అంది బేబీ ఆంటీ, చప్పట్లు కొడుతూనే. "నాకెవరూ ఒక తుండుగుడ్డైనా కప్పలేదేమే?"

పద్మినికి నవ్వాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక వరస ఆడవాళ్ళు ఏమిటేమిటని అడిగారు. బేబీ ఆంటీ మళ్ళీ చెప్పింది. ఆ నవ్వు వరసల వెంబడి వెనక్కి వెళ్ళింది. వేదిక మీద రామకృష్ణారావుగారు తన హాస్యానికే నవ్వుతున్నారనుకుని ఇంకాస్త మాట్లాడారు.

ఇంటికొచ్చేసరికి దీపాల వేళయింది. ఆయన శాలువా తీసి సోఫా మీద పడేశారు.

"పద్మినీ, దీన్ని కాస్త మడతపెట్టి లోపల పెట్టు. నలిగిపోతుంది."

పద్మిని అప్పటికే మెట్లెక్కుతోంది. "సోమవారం మీటింగు కాగితాలు చూసుకోవాలండీ," అంది ఆగకుండా. పైన గది తలుపు మూసుకుంది.

రామకృష్ణారావుగారు శాలువా వంక చూశారు. శాలువా ఆయన వంక చూసింది. ఒక అంచు గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బార్లా చాపి, రెండో అంచు అందుకోబోయారు. గడ్డం కిందిది జారింది. దాన్ని పట్టుకునేలోపు రెండోది కార్పెట్ మీద పడింది. పొడుగాటి బట్ట ఒక్కరే మడవడం ఎంత కష్టమో ఆ ఇంట్లో ఒకరికి బాగా తెలుసు.

మీరా గుమ్మానికి ఆనుకుని, గిన్నెలో సీరియల్ తింటూ ఇదంతా చూస్తోంది. నాన్న మూడోసారి ప్రయత్నించేదాకా ఓపిక పట్టింది.

"డాడ్," అంది అప్పుడు, చెంచా నోట్లోంచి తీసి. "ఇఫ్ యూ ఫోల్డ్ ఇట్, విల్ దే గివ్ యూ అనదర్ వన్?"